మెత్తగా ఉంటే చాలదు.. మింగలేని మనిషికి రుచిగా వండడం ఎలా?

మాడుగుల: పాడేరు కొండల కింద ఉన్న ఈ ఊరి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది హల్వా. చోడవరం నుంచి వచ్చిన చుట్టమైనా, వైజాగ్ నుంచి వచ్చిన చుట్టమైనా తిరుగు ప్రయాణంలో ఒక ప్యాకెట్ పట్టుకెళ్లాల్సిందే. ఎవరికైనా ఒంట్లో బాగోలేదని చూడ్డానికి వెళ్లేవాళ్ల చేతిలోనూ అదే ఉంటుంది. "పళ్లతో పని లేదు కదా, మెత్తగా ఉంటుంది, ఒక్క ముక్క పెట్టండి" అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన మనిషికి పెట్టకూడని వాటిలో హల్వా ఒకటి. అది మెత్తనిదే, కాదనడానికి లేదు. అయితే సాగుతుంది, అంగిలికి అతుక్కుంటుంది, మధ్యలో జీడిపప్పు తగులుతుంది.

మింగలేని వారి వంటలో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. మెత్తగా ఉంటే చాలు, గొంతులో దిగిపోతుంది అనుకుంటారు. ఒకసారి పొలమారి భయం పట్టుకున్నాక దీనికి పూర్తి వ్యతిరేకంగా చేస్తారు. మూడు పూటలా ఉప్పు లేని గంజి, బార్లీ నీళ్లు, పాలల్లో నానిన బ్రెడ్. వారం తిరిగేసరికి పేషెంటు గిన్నె చూస్తేనే మొహం తిప్పుకుంటాడు. బరువు తగ్గుతాడు, నీరసిస్తాడు, ఒకే వైపు పడుకుని ఉంటే పుండ్లు పడతాయి. "తినడం లేదండీ" అని ఇంట్లోవాళ్లు బాధపడతారు. అదే గంజి మూడు పూటలా పెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లయినా ఎన్ని రోజులు తింటారు?

గొంతులో ఏం జరుగుతోంది

నోట్లో ముద్ద వెనక్కి జారగానే శ్వాసనాళం మీద మూత పడాలి, ముద్ద అన్నవాహికలోకి పోవాలి. ఇదంతా ఒక సెకను పని. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు, తలకు దెబ్బ, నోటి క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్.. వీటిలో ఏదొచ్చినా ఆ టైమింగ్ తప్పవచ్చు. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి మిగిలిపోతుంది.

ఉత్తరాంధ్రలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అడ్డపొగ, అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి రాసిన అధ్యయనం 1971లోనే ప్రపంచ వైద్య పత్రికల్లో వచ్చింది. అంగిలి మీద పడే ఆ వేడి క్యాన్సర్‌కు దారి తీస్తుందని అప్పటి నుంచీ తెలుసు. అంగిలికి ఆపరేషన్ అయినవారికి తిన్నది ముక్కులోకి ఎక్కడం, నోరు సరిగా తెరుచుకోకపోవడం ఉంటాయి. వీళ్లకు వంట వేరేగా ఆలోచించాలి. కారం, పులుపు పుండు మీద మండుతాయి కాబట్టి రుచి కోసం నెయ్యి, జీలకర్ర, తీపి వైపు పోవాలి.

మనకు ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. పేషెంటు విషయంలో ఆ మాటతో వదిలేయకూడదు. తినేటప్పుడు దగ్గు, తిన్న తర్వాత గొంతు తడిగా గరగరలాడడం, బుగ్గలో ముద్ద మిగిలిపోవడం, అన్నానికి అరగంట దాటడం, ఊరికే జ్వరం రావడం.. ఇవన్నీ ఆహారం ఊపిరితిత్తుల వైపు పోతోందనడానికి గుర్తులు కావచ్చు. అసలు ప్రమాదం ఏంటంటే కొందరికి దగ్గు కూడా రాదు. చప్పుడు లేకుండా లోపలికి పోతుంది, తర్వాత న్యుమోనియాగా బయటపడుతుంది.

అందుకే వంట మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష కావాలి. ఈ పని చేసేది స్పీచ్ థెరపిస్ట్ అని చాలామందికి తెలియదు. పేరు చూసి మాటలు నేర్పేవాళ్లు అనుకుంటారు. మింగడం పరీక్షించి ఏ మోతాదు చిక్కదనం సరిపోతుందో చెప్పేది కూడా వాళ్లే. అవసరమైతే బేరియం కలిపిన ముద్ద మింగించి ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా దింపి చూస్తారు. విశాఖలోని పెద్దాసుపత్రికి చెకప్‌కు వెళ్లినప్పుడు, "మింగడం ఒకసారి టెస్ట్ చేయించండి" అని డాక్టర్‌ను మీరే అడగండి. డిశ్చార్జ్ కాగితం మీద "మెత్తటి ఆహారం" అని రాసి ఉంటే అంతటితో ఊరుకోవద్దు. ఎంత మెత్తగా, నీళ్లు ఎలా ఇవ్వాలి, రెండూ రాయించుకోండి.

ఇంట్లో చేసే రెండు కొలతలు

ఇప్పుడు చాలా దేశాల్లో ఒకే కొలత వాడుతున్నారు. 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. 0 అంటే మంచినీళ్లు, 7 అంటే మామూలు భోజనం. మింగడం కష్టమైనవారికి ఎక్కువగా చెప్పేది 4, 5, 6. నాలుగో మెట్టు అంటే గడ్డ, పలుకు లేకుండా రుబ్బినది. ఐదు అంటే తడిగా ఉన్న సన్నని తురుము, పెద్దవాళ్లకైతే ముక్క 4 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు. ఆ కొలత ఫోర్కు ముళ్ల మధ్య సందుకు సమానం. ఆరు అంటే ఒకటిన్నర సెంటీమీటర్ మించని, వేలితో నొక్కితే చితికిపోయే ముక్కలు.

నాలుగో మెట్టుకు పరీక్ష సులువు. స్పూనులో తీసుకుంటే కుప్పగా నిలబడాలి. పక్కకు వంచితే మొత్తం ఒక్కసారిగా జారి పడిపోవాలి, స్పూనుకు అంటుకుని మిగిలిపోకూడదు. పడ్డ తర్వాత చుట్టూ నీళ్లు ఊరకూడదు. హల్వా ఈ పరీక్షలో తప్పుతుంది, మిక్సీలో కొట్టిన అన్నమూ తప్పుతుంది.

పలచటి వాటికి సిరంజి పరీక్ష. 10 మి.లీ. సిరంజి, సూది లేకుండా. వెనక ప్లంజర్ లాగేసి, కింద వేలితో మూసి, 10 గీత దాకా జావ పోయండి. వేలు తీసి 10 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయండి. 1 మి.లీ. లోపు మిగిలితే అది నీళ్ల లెక్కే. 1 నుంచి 4 మిగిలితే కొద్దిగా చిక్కన, 4 నుంచి 8 అయితే ఇంకొంచెం చిక్కన, 8 దాటితే బాగా చిక్కన. సిరంజిలు కంపెనీని బట్టి పొడవు మారతాయి. 0 నుంచి 10 గీత వరకు 61.5 మిల్లీమీటర్లు ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోవాలి. ఏ పరీక్షైనా పెట్టే ముందు, పెట్టే వేడిలోనే చేయాలి. పొయ్యి మీద పలచగా ఉన్న జావ గిన్నెలో చల్లారేసరికి గడ్డలా అవుతుంది.

మింగలేని వారికి అన్నిటికన్నా కష్టమైనది మంచినీళ్లు. వినడానికి వింతగా ఉంటుంది కానీ, నీళ్లు పరుగెత్తినట్టు వెనక్కి పోతాయి, మూత పడే లోపే. అందుకే కొందరికి నీళ్లు చిక్కబరిచి ఇమ్మంటారు, అందరికీ కాదు. ఐస్‌క్రీమ్, జెల్లీ నోట్లో కరిగి నీళ్లే అవుతాయి కాబట్టి వీరికి అవీ పనికిరావు. పుచ్చకాయ, బత్తాయి తొన కొరికితే రసం విడిపోతుంది. సాంబార్‌లో ఇడ్లీ, పలచటి మజ్జిగన్నం, చాయ్‌లో ముంచిన బిస్కెట్.. వీటిలో గట్టిది ఒకటి, నీళ్లు ఒకటి. నోరు రెండింటినీ ఒకేసారి సంభాళించలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు చాయ్ బిస్కెట్ మాన్పించడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. అయినా తప్పదు.

పిండితో చిక్కబరిచినవాటికి ఒక గుణం ఉంది. లాలాజలం తగిలితే పిండి పదార్థం విరిగి పలచబడుతుంది. నోట్లో పెట్టిన స్పూను తిరిగి గిన్నెలో ముంచుతూ పోతే సగం తినేసరికి గంజి నీళ్లయిపోతుంది. కొంచెం కొంచెం వేరే కటోరీలోకి తీసుకుని పెట్టాలి. మందుల షాపులో దొరికే జాంథన్ గమ్ పొడికి ఈ ఇబ్బంది లేదు. దాని మోతాదు థెరపిస్ట్ చెప్పినట్టే.

రుచి ఎక్కడ పోతుంది, ఎలా తేవాలి

ఎక్కువ ఇళ్లలో చేసేది ఒకటే. అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీలో వేసి ఒక ముద్ద చేసేస్తారు. రంగు బురదలా, రుచి ఏదో తెలియకుండా. తినేవాడికి అది ఏ కూరో కూడా అర్థం కాదు. దేనికది విడిగా రుబ్బి, ప్లేట్‌లో విడివిడిగా పెట్టండి. పప్పు పచ్చగా, గుమ్మడికాయ నారింజ రంగులో, పాలకూర ఆకుపచ్చగా. పేరు చెప్పి పెట్టండి, "అబ్బా, ఇది సొరకాయ". కంటికి, ముక్కుకి తెలిస్తే నోట్లో నీరూరుతుంది, మింగడానికి అదీ సాయమే.

అన్నం మిక్సీలో వేయకండి. బ్లేడు తగిలి పిండి విడిచి బంక అవుతుంది. దానికి బదులు ఒక గ్లాసు నూకలు, అర గ్లాసు పెసరపప్పు, ఆరేడు గ్లాసుల నీళ్లు, పసుపు వేసి కుక్కర్‌లో బాగా మెత్తగా అయ్యేదాకా ఉంచండి. వేడి మీదే పప్పుగుత్తితో ఎనిపి, జల్లెడలో వేసి గరిటెతో నొక్కి దించండి. జల్లెడలో మిగిలింది వదిలేయండి. తాలింపు మానకండి, తాలింపే కదా ఖిచిడీకి ప్రాణం. నేతిలో జీలకర్ర, అల్లం, కరివేపాకు, ఇష్టమైతే ఒక లవంగం వేయించి, ఆ నెయ్యి మాత్రం వడగట్టి కలపండి. వాసన మొత్తం నేతిలోకి దిగుతుంది, గింజలు బయట ఉండిపోతాయి. చల్లారి బిగిస్తే వేడి పప్పుకట్టు గానీ పాలు గానీ రెండు స్పూన్లు పోసి మళ్లీ ఎనపాలి.

కూరగాయల్లో సొరకాయ, తీపి గుమ్మడి, క్యారెట్, బంగాళాదుంప దారికొస్తాయి. మునక్కాడ, గోరుచిక్కుడు, తోటకూర కాడలకు పీచు ఉంటుంది, ఎంత రుబ్బినా పోదు. వంకాయ కాల్చి తొక్క తీసి, గింజలు జల్లెడలో వదిలించి, కొంచెం చింతపండు గుజ్జు, వేయించిన నూనెతో ఎనిపితే నోటికి కారంగా, పుల్లగా ఏదైనా కావాలని అడిగే మనిషికి పెద్ద సంతోషం. గంజి రోజుల్లో జనం ఎక్కువగా అడిగేది పచ్చడే. బంగాళాదుంప కూడా అన్నం లాంటిదే, మిక్సీలో జిగురవుతుంది, చేత్తో ఎనపాలి.

మాంసం తినే ఇళ్లలో మొదటి ప్రశ్న అదే ఉంటుంది, ఇక గోష్త్ లేదా అని. ఉంది. బోన్‌లెస్ చికెన్‌ను ఉల్లి, అల్లం వెల్లుల్లితో విడిపోయేదాకా ఉడికించి, ఆ యఖ్నీతోనే మిక్సీలో మెత్తగా తిప్పి, జల్లెడ పట్టి, చివర్లో నెయ్యి కలపాలి. పొడిగా ఉంటే గొంతులో గుచ్చుకుంటుంది, యఖ్నీ ధారాళంగా ఉండాలి. చేపకు ముల్లు భయం ఉంది కాబట్టి దాని బదులు గుడ్డు మంచిది. ఒక గుడ్డు, చిన్న గ్లాసు పాలు, ఉప్పు, మెత్తని మిరియాల పొడి కలిపి, వడగట్టి, మూత పెట్టిన కటోరీలో ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పావుగంట లోపు ఉంచితే జున్నులా దిగుతుంది. స్పూనుతో బాగా ఎనిపి, వంచి చూసి పెట్టండి. ఒక గుడ్డులో 6 గ్రాముల వరకు ప్రొటీన్ ఉంటుంది. తక్కువ తినేవారికి కొద్దిలోనే బలం ఎక్కించాలి. ఒక టీస్పూను నెయ్యికి సుమారు 45 క్యాలరీలు. అదే గంజిలో నెయ్యి, పాలపొడి కలిపితే గిన్నె పెద్దది కాదు, లెక్క పెరుగుతుంది. షుగర్, గుండె జబ్బు ఉన్నవారికి ఈ లెక్క డాక్టర్‌తో చూసుకోవాలి.

మధ్యాహ్నానికి చోడి జావ ఈ ప్రాంతంలో అందరికీ అలవాటైనదే. చోడి పిండిని చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి ఉడికించి, కరిగించి వడగట్టిన అనకాపల్లి బెల్లం, పాలు కలపండి. బెల్లం పాకంలో ఇసుక పలుకు, చెరకు పీచు వస్తాయి, వడగట్టకుండా పోయవద్దు.

ఇక ఈ ఊరి వంటలో పనికొచ్చేది ఒకటుంది. హల్వాకు గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. నానబెట్టడమే రోజుల పని, తర్వాత పాలు పులియనిచ్చి, చక్కెర, నెయ్యితో గట్టిపడి సాగేదాకా తిప్పుతారు. పేషెంటుకు అంత దూరం పోనక్కర్లేదు. రాత్రంతా నానిన గోధుమలు రుబ్బి, పలచటి గుడ్డలో వడగట్టిన పాలు తీసుకుని, రెండింతలు ఆవుపాలు పోసి, చక్కెర, యాలకుల పొడి, నెయ్యితో సన్నసెగ మీద గరిటె ఆపకుండా తిప్పండి. స్పూను వంచితే జారి పడే దశలో దించేయండి. హల్వా వాసన వస్తుంది, బంక ఉండదు. ఒక నిమిషం ఎక్కువైతే మాత్రం సాగడం మొదలవుతుంది, అప్పుడు వేడి పాలతో పలచబరచాలి. గోధుమ పడనివారికి ఇది వద్దు.

రంజాన్‌లో, పండగ రోజున

రోగికి ఉపవాసం నుంచి సడలింపు ఉంది, కోలుకునే ఆశ లేని దీర్ఘరోగికి ఫిద్యా ఉంది. అయినా నలభై ఏళ్లు రోజా వదలని మనిషి మంచం మీద నుంచి కూడా పట్టుబడతాడు. మింగడం కష్టమైనవారు రోజంతా ఆగి ఇఫ్తార్‌కు గబగబా నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ సంగతి ఇమామ్ సాబ్‌తో చెప్పించడం ఇంట్లోవాళ్లు చెప్పడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. బంధువులు తెచ్చిన జమ్‌జమ్ అయినా, పొరుగింటివారు ఇచ్చిన తీర్థమైనా అవీ నీళ్లే. డాక్టర్ చెప్పిన చిక్కదనంలోనే స్పూనుతో ఇవ్వండి. పడుకున్న మనిషి నోట్లో పోయకండి.

హలీం వీరికి దగ్గరి వంటే. గోధుమ, పప్పు, మాంసం గంటలకొద్దీ ఉడికి, ఘోట్నీతో మెదిపి చేసేది. కానీ బజార్ హలీంలో మాంసం దారాలు దారాలుగా ఉంటుంది, అది రుచికి గుర్తు, వీరి గొంతుకు ఇబ్బంది. పైన వేసే వేయించిన ఉల్లి, జీడిపప్పు, కొత్తిమీర, పుదీనా మరీ కష్టం. ఇంటికి తెచ్చాక పైవన్నీ తీసేసి, వేడి యఖ్నీతో మళ్లీ మిక్సీలో తిప్పి జల్లెడ పట్టండి. వేయించిన ఉల్లి రుచి కావాలంటే అందులోనే వేసి రుబ్బేయండి. నిమ్మకాయ రెండు చుక్కలు పిండండి.

షీర్ ఖుర్మా ఇంకా చిక్కు. పలచటి పాలు, సేమియా పోగులు, ఖర్జూరం తొక్క, బాదం పలుకులు, అన్నీ ఒకే గిన్నెలో. ఈద్ రోజు ఇంటి పెద్దకు అది లేకుండా దస్తర్‌ఖాన్ వేయడం ఎవరికీ మనసొప్పదు. ఆరు ఖర్జూరాలు వేడి పాలల్లో నానబెట్టి గింజ, తొక్క తీయండి. పది బాదం రాత్రి నానబెట్టి పొట్టు తీసి, తడి ఆరాక నేతిలో దోరగా వేయించండి. గుప్పెడు సేమియా కూడా నేతిలో వేయించి అర లీటరు పాలల్లో బాగా ఉడికించండి. అన్నీ కలిపి రుబ్బి, జల్లెడ పట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి స్పూను పరీక్షకు నిలిచేదాకా ఉంచండి. సేమియా ఎక్కువైతే జిగురొస్తుంది, పాలతో సరిచేయాలి. ఫిర్నీ అయితే ఇంత పని లేదు, బియ్యం బాగా నూరితే చాలు. కాకపోతే పైన కట్టే తొరక తీసేయాలి.

పెట్టే చెయ్యి

ఎంత బాగా వండినా పెట్టే తీరు తప్పితే లాభం లేదు. నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. టీవీ ఆపండి. చిన్న స్పూను, సగం మాత్రమే నింపి, పేషెంటు కళ్లకు ఎదురుగా కూర్చుని పెట్టండి. నిలబడి పై నుంచి పెడితే తల వెనక్కి వాల్చి తింటాడు, అది ప్రమాదం. గొంతు కదిలి మింగినట్టు చూసిన తర్వాతే రెండో స్పూను. నిద్రమత్తులో ఉంటే పెట్టొద్దు. మాత్రలు పొడి చేసి కలిపే ముందు డాక్టర్‌ను అడగండి, కొన్ని మాత్రలు నలపకూడదు. తినే ముందూ తర్వాతా నోరు, నాలుక శుభ్రం చేయండి. నోట్లో పాచి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రతి చుక్కతో క్రిములు పోతాయి. కట్టుడు పళ్లుంటే తీసి కడగండి.

మనిషి మాట్లాడలేక, దగ్గలేక, ఊపిరాడక కొట్టుకుంటుంటే నీళ్లు పోయకండి. ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. అడ్డం పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండండి, పక్కన ఉన్నవారు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి.

చిక్కబరిచిన నీళ్లు రుచిగా ఉండవు కాబట్టి చాలామంది తాగడం తగ్గించేస్తారు. మూత్రం ముదురు పసుపులోకి మారినా, నాలుక ఎండినా నీళ్లు చాలడం లేదని అర్థం. ఒకేసారి గ్లాసు కాకుండా గంటకోసారి నాలుగు స్పూన్లు పెట్టి, ఎన్ని పెట్టారో గోడ మీద క్యాలెండర్‌లో గీతలు గీయండి. బరువు కూడా అక్కడే రాసి పెడితే తర్వాత చెకప్‌కు పనికొస్తుంది. పక్షవాతం వచ్చినవారికి కొన్ని వారాలకు మళ్లీ మింగే పరీక్ష చేస్తే తరచూ ఒక మెట్టు పైకి పోవచ్చని తేలుతుంది. ఆ పరీక్ష అయ్యే వరకు "నిన్న బాగానే తిన్నాడు కదా" అని ఇంట్లో సొంతంగా మెట్టు మార్చకండి.